పాత రివాల్వరునకు చింతపండేల?

ప్రవాసాంధ్రుల యిండ్లలో పెద్దలనాటి వస్తువులకు పట్టుచున్న దుర్గతులలో నెల్ల ఘోరమైనది శుభ్రము చేయబడుట. ఈ మాట విని కొందరు చదువరులు నవ్వవచ్చును. శుభ్రత దోషమెట్లగునని ప్రశ్నింపవచ్చును. ఇత్తడి చెంబును తోమినట్లు పాత సైనిక రివాల్వరును చింతపండుతోను బూడిదతోను తోమి, అంతటితో తృప్తి చెందక ఉప్పుకాగితముతో రుద్ది, కడపట బజారులో నికెలు పూత పూయించి, గాజుపెట్టెలో నుంచి, "మా ముత్తాతగారు 1857లో పట్టిన పిస్తోలు" అని చీటీ తగిలించు ఆచారము మనలో వ్యాపించినది. సాక్షి నోరు నొక్కి, వాని పేర దొంగ వాఙ్మూలము వ్రాసికొనుటకును దీనికిని భేదము మాకు కానరాదు. ఈ సంచికలో మాకు లభించిన నాలుగు పుటలను ఈ యాచారమును ఖండించుటకే వినియోగించుచున్నాము.

మేము తుపాకి కాల్చిన వారము గాము. సైనిక సామగ్రి లెక్కలు వ్రాయు కచేరీలో గుమాస్తాగా ఉద్యోగము చేసి విరమించితిమి. మా చదువు మెట్రిక్యులేషనుతో నిలిచినది. గిడ్డంగిలోని వస్తువును, పుస్తకములోని పద్దును సరిచూచుటే మా వృత్తి. ఆ వృత్తి మాకు నేర్పిన నియమ మొకటే: వస్తువును తెచ్చినవాడు చెప్పు మాట వినుటకు ముందు వస్తువుపై చెక్కియున్న అంకెను చదువవలెను. తెచ్చినవాడు అబద్ధమాడునని కాదు. అతడు మరచిపోవును, అంకె మరచిపోదు.

మన పాత కుటుంబములలో బయటపడు సైనిక రివాల్వరులలో వెబ్లీ జాతివి తరచుగా కానవచ్చును. ఇంగ్లండులోని బర్మింగుహాము నగరమున తయారైనవి. బ్రిటిషు సైన్యము 1887లో దీని మొదటి మార్కును స్వీకరించినది. తరువాత ఒక్కొక్క సవరణకు ఒక్కొక్క మార్కు పెరుగుచు, మొదటి ప్రపంచయుద్ధము నడుమ, 1915 మే నెలలో ఆరవ మార్కు వెలువడినది. లక్షల సంఖ్యలో తయారై యుద్ధభూములకెల్ల పోయినది ఇదియే. గొట్టము 6 అంగుళములు, తూటా.455 అంగుళము, తూటాలు లేని బరువు ఇంచుమించు 1.1 కిలోలు. ఎడమ ప్రక్కనున్న మీటను బొటనవ్రేలితో నొక్కి గొట్టమును క్రిందికి వంచినచో ఆయుధము నడుమ విరిగినట్లు తెరచుకొని, నక్షత్రాకారపు బిళ్ళయొకటి పైకి లేచి ఆరు గుళ్ళ ఖాళీ తొడుగులను ఒక్క తోపున బయటికి నెట్టును. 1921 మొదలు 1926 వరకు ఎన్‌ఫీల్డులోని ప్రభుత్వ కర్మాగారముకూడ ఈ ఆరవ మార్కును చేసినది. 1932లో అంతకంటె తేలికయైన .38 ఎన్‌ఫీల్డు రివాల్వరు సైన్యములోనికి వచ్చినది.

ఈ తేదీలు తెలిసినవాడు 1857 చీటీని చూచి నవ్వక యేమి చేయును? 1857నాటి రివాల్వరు ఎట్లుండెడిదో చూడుడు. ఆడమ్సు 1851లో పేటెంటు పొందిన దొకటి, దానినే బోమాంటు సవరింపగా 1856లో వచ్చిన దొకటి, అమెరికా దేశపు కోల్టు ఒకటి. ఇవన్నియు టోపీ తుపాకులు. సిలిండరు ముందునుండి మందును గుండును కూరి, వెనుకనున్న చిన్న చనుమొనలకు ఒక్కొక్కదానికి రాగి టోపీ తొడుగవలెను. ఇత్తడి తొడుగు తూటా వానిలో పట్టదు. నడుమ విరిగి తెరచుకొను వెబ్లీకిని ఆ కాలమునకును ముప్పదియేండ్ల దూరము. కనుక మీ రివాల్వరు వెనుక చనుమొనలు లేనిచో, 1857 కథ అక్కడికక్కడే కూలినది. దానిని నిలబెట్టుటకు ఏ తాతగారి మాటయు చాలదు.

పైగా ఆ కథకు మరియొక చిక్కు కలదు. మనవారు సిపాయిలుగా నుండిన మద్రాసు సైన్యము మొత్తముమీద 1857 తిరుగుబాటులో చేరలేదు. ఉత్తరాదిని మాత్రము సిపాయి యనువానికెల్ల "తిలంగా" అను పేరు వాడుకయైనది. పద్దెనిమిదవ శతాబ్దములో తెలుగు సిపాయిలు పొందిన ప్రసిద్ధివలన ఆ పేరు నిలిచి, తెలుగు ముక్క రాని అయోధ్య సిపాయికిని తగులుకొన్నది. ఇది మనకు గర్వకారణమే. కాని ఆ తిలంగా చేతిలోనిది గొట్టములో కూరి కాల్చు పొడుగు తుపాకి. రివాల్వరు దొరల నడుమున వ్రేలాడినది.

రెండవ కథ అల్లూరి సీతారామరాజు కథ. బరంపురము మొదలు బెంగుళూరు దాక ఎన్ని యిండ్లలో "ఇది రాజుగారి చేతిది" అను రివాల్వరులు కలవో! 1922 ఆగస్టు నెలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై రాజు దాడి చేసి ఆయుధములు గైకొన్న మాట చరిత్ర. 1924 మే 7న ఆయన హతుడైన మాటయు చరిత్ర. మాకు చూపిన యొక రివాల్వరు చట్రముపై, గుర్రము క్రింద, కిరీటముతోపాటు ఎన్‌ఫీల్డు అను పేరును, 1941 అను సంవత్సరమును స్పష్టముగా నున్నవి. రాజు గతించిన పదునేడేండ్లకు పుట్టిన ఆయుధ మది. ఆ మాట చెప్పగా ఇంటివారు మాపై కోపించి, మరునెలలో ఆ యంకెను ఆకురాయితో రాపించివేసిరి. మహావీరుని గౌరవించుట ఇట్లా?

ఇక్కడ మా వాదములోని ముఖ్యమైన మాట చెప్పవలసియున్నది. ఈ దొంగకథలు గొప్పకొఱకు మాత్రమే పుట్టినవి గావు, సిగ్గువలన పుట్టినవి. కంటోన్మెంటులలో స్థిరపడిన మన పెద్దలలో తిరుగుబాటుదారుల కంటె గుమాస్తాలు, దుబాసీలు, మేస్త్రీలు, సరుకు కంట్రాక్టర్లు, సాపర్లు, వంటవారు, కంపౌండర్లు ఎక్కువ. కోలారు బంగారు గనులలో దిగినవారు, బొంబాయి కామాటిపురాకు పేరిచ్చినవారు, షోలాపురములో మగ్గము వేసినవారు మనవారే. అట్టి యింటికి ఒక రివాల్వరు వచ్చినదన్నచో, దొర దేశము విడిచి పోవుచు అమ్మినదో, వేలములో కొన్నదో, బిల్లు చెల్లింపలేని అధికారి కంట్రాక్టరునకు విడిచినదో కావచ్చును. ఇందులో తలవంచుకొనవలసిన దేమున్నది? గుమాస్తా తాతను దాచిపెట్టి, ఆయన పీటపై ఎన్నడును లేని విప్లవకారుని కూర్చుండబెట్టుట ఆ తాతకు చేయు అవమానము. ఆయన పేర వీలునామా లేదు, ఛాయాచిత్రము లేదు. మనుమల భాషలో ఆయన తెలుగుకూడ సగమైనను మిగులలేదు. మిగిలినది ఆ యినుపముక్క, దానిపై నాలుగు గుర్తులు. ఆ నాలుగింటిని చింతపండు పాలు చేయుచున్నాము.

ఆ గుర్తులు చదువుట కష్టమైన విద్య కాదు. మంచి వెలుతురు, భూతద్దము, తెల్లకాగితము, పెన్సిలు చాలును. ఆరవ మార్కు వెబ్లీ చట్రము ఎడమ ప్రక్కను వెబ్లీ యను పేరు, మార్కు, సంవత్సరము ఉండును. చట్రముపైని వరుససంఖ్యయే గొట్టముపైనను సిలిండరుపైనను ఉండవలెను. మూడును ఒకటైనచో ఆయుధము పుట్టిననాటి అవయవములతో నున్నదని యర్థము. వేరైనచో ఏదో మరమ్మతు కచేరీలో ఒకదాని సిలిండరు మరియొకదానికి తొడిగిరి. ఇది లోపమే యైనను దోషము కాదు. యుద్ధకాలపు మరమ్మతులు అట్లే జరుగును. సంఖ్యలు సరిపోవలెనని కొత్తగా చెక్కించుట మాత్రము దోషము. అట్టి చెక్కడమును మేము చూచియున్నాము. పాత అంకెల ప్రక్కన అది కొత్త కోడలి మొగమువలె వేరుగా మెరయుచుండెను.

తరువాత బాణపు గుర్తు. మూడు గీతల బాణము బ్రిటిషు ప్రభుత్వపు సొత్తునకు గుర్తు. బాణముతో ఆంగ్లపు ఐ అక్షరము చేరియున్నచో ఇండియా ప్రభుత్వపు సొత్తు. రెండు బాణములు మొనకు మొన తాకునట్లు కొట్టియున్నచో ప్రభుత్వము దానిని తన లెక్కనుండి తీసివేసి అమ్మినదని తెలియవలెను. లెక్కలు వ్రాసిన మాకు ఇంతకంటె ఇంపైన గుర్తు మరియొకటి లేదు. పద్దు మూసిన గీత అది! ఆ చిన్న గుర్తు నిలిచియున్న యింటివారు తమ పెద్దలు ఆ వస్తువును దొంగిలింపలేదని లోకమునకు చూపగలరు. దానిని రాచివేసినవారికి ఆ యాధారము పోయినది.

బాణమే లేకున్న? వెంటనే "నకిలీ" యని పెదవి విరుచు పండితులు కొందరు కలరు. వారితోను మాకు తగవు కలదు. ఆ కాలమున బ్రిటిషు అధికారులు పెక్కుమంది తమ రివాల్వరును తామే కొనుక్కొనెడివారు. సర్కారు తూటా పట్టినచో చాలును. అందుచే వారి ఆయుధములపై బాణమునకు మారుగా అమ్మిన దుకాణము పేరు ఉండును. ఆర్మీ అండ్ నేవీ స్టోర్సువారు 1891లో బొంబాయిలో శాఖ తెరచిరి. మద్రాసు మౌంటు రోడ్డున గడియారములకు ప్రసిద్ధులైన పి. ఆర్ అండ్ సన్సువారును తుపాకు లమ్మిరి. గొట్టముపై అట్టి పేరున్నచో అది చేసినవాని పేరు కాదు, అమ్మినవాని పేరు. మద్రాసు అని చెక్కియున్నదని "మద్రాసులో చేసిన రివాల్వరు" అని వ్రాయువారికి ఈ భేదము తెలియవలెను. కిరీటము క్రింద రెండక్షరములున్న చిన్న ముద్రలు బర్మింగుహాము పరీక్షాశాలవి. అధికపు మందుతో కాల్చి, పగులకున్న పిదప వేసినవి.

యానాము సోదరులకు ఇక్కడ ఒక మాట. మీ యూరు 1954 వరకు పరాసువారి పాలనలో నుండినది. మీ యింటి రివాల్వరు సిలిండరు కుడిప్రక్కకు జరిగి తెరచుకొని, గొట్టముపై 1892 అను నమూనా సంవత్సరమును, చట్రముపై సాంతెత్యేను కర్మాగారపు పేరును కనిపించినచో అది ఫ్రెంచి సైన్యపు 8 మిల్లీమీటర్ల రివాల్వరు. దానిని వెబ్లీ యని పిలిచి ఇంగ్లీషువారికి కట్టబెట్టవలదు. దానిపై 1892 నమూనా పేరు మాత్రమే. తయారైన యేడు గొట్టము కుడిప్రక్కను వేరుగా నుండును. ఈ రెండింటిని కలగలిపి వయస్సు పెంచుకొనుట మనవారికి మామూలు.

ఇక స్థితినిబట్టి చదువుట. మొట్టమొదట, ఎన్నేండ్లు అటకపై పడియున్నదైనను, తూటా ఉన్నదనియే భావింపవలెను. మొగము ఎవరివైపును త్రిప్పక, గుర్రమునకు వ్రేలు తగిలింపక, తెరచి ఆరు గుళ్ళును ఖాళీయని కంటితో చూడవలెను. తుప్పుపట్టి తెరచుకొననిచో బలవంతము చేయక ఆయుధముల పనివానికి చూపవలెను. పిల్లలచేత చూపింపరాదని వేరే చెప్పనక్కరలేదు, అయినను చెప్పుచున్నాము.

గొట్టములోనికి వెలుతురు పోనిచ్చి చూచినచో మెలికలు తిరిగిన గాళ్ళు కనబడును. ఆనాటి తూటాల మందుబిళ్ళలోనిది కాల్చిన తరువాత ఉప్పువంటి లవణమును గొట్టములో విడిచెడిది. వేడినీట కడిగి నూనె పెట్టనిచో ఆ లవణము గాలిలోని తేమను పీల్చి ఉక్కును గుంటలు గుంటలుగా తినివేయును. గోపాలపురము, యానాము, మద్రాసు వంటి సముద్రతీరములలో ఇది మరింత త్వరగా జరుగును. కనుక లోపల గుంటలు, వెలుపల చక్కని మెరుగు ఉన్నచో కాల్చి కడుగని ఆయుధము. లోపల అద్దమువలె నుండి, గొట్టము మొగమువద్దను సిలిండరు అంచులను నీలి మెరుగు అరిగి తెల్లబడినచో, నడుమున మోసిన దినములు పెక్కు, కాల్చిన దినములు కొన్ని. తోలు తొడుగులోనికి దూర్చుచు తీయుచు అరిగిన అరుగుదల అది. ఎవరో ఒక మనుష్యుడు ఏండ్ల తరబడి దానిని ధరించి నడచినాడని ఆ తెల్లని అంచు చెప్పుచున్నది. దానిని "అందవికారము"గా నెంచి కొత్త రంగు వేయించువాని కంటికి ఏ వైద్యము కలదు?

రంగు కొత్తదా పాతదా అని తెలిసికొనుటకు తుప్పుగుంటలో చూడవలెను. గుంట అడుగునకూడ నీలిరంగు నిండియున్నచో గుంట ముందు, రంగు తరువాత. అంకెల అంచులు గోటికి గరుకుగా తగిలినచో ఉక్కు తాకబడలేదు. కరిగిన మైనమువలె నున్నచో మెరుగుచక్రము క్రింద పడినది. మరమేకుల తలలలోని గాడి చీలి నలిగియున్నచో ఎవరో తెలియనివాడు ఇంటి స్క్రూడ్రైవరుతో విప్పినాడు. పిడికి రెండువైపుల బిగించిన నల్లని వల్కనైటు బిళ్ళలు ఏండ్లు గడచిన కొలది గోధుమవన్నెకు తిరుగును. ఆ వన్నె వయస్సుయొక్క గుర్తు. నల్ల బూటుపాలిషు పూసి దానిని దాచవలదు.

"తుప్పును వదలిన అది ఆయుధమునే తినివేయదా?" యని ప్రతిపక్షులు అడుగుదురు. తినును, ఎఱ్ఱగా పొడిరాలు తుప్పైనచో. దానికి పలుచని యంత్రపు నూనె రాసి, ఒకటి రెండు దినములు నాననిచ్చి, మెత్తని గుడ్డతో తుడిచి, మరల పూయవలెను. కదలక గోధుమవన్నెతో గట్టిపడిన పాత పొర జోలికి పోవలదు. చింతపండును నిమ్మరసమును పులుపులు. పులుపు తుప్పునేగాక నీలి మెరుగునుకూడ కరగించును. రాగి బిందెకు మేలుచేసినది ఉక్కునకు కీడు.

ఆయుధపూజ మాట యెత్తిన కొందరికి కష్టముగా నుండును. మహానవమినాడు రివాల్వరునకు తడిగంధము, కుంకుమ పట్టించి, పైని నిమ్మపండు నులిమి, మరునాడు అట్లే గుడ్డలో చుట్టి అటకపై పెట్టు కుటుంబములను మేమెరుగుదుము. ఆ పొర క్రింద తేమ ఏడాది పొడుగున నిలిచి, వచ్చు నవమినాటికి బొట్టు పెట్టినచోటనే గుంట పడియుండును. ఒక యింట సరిగా సంవత్సరపు అంకెలపైననే ఏటేట బొట్టుపెట్టి దానిని చదువరాకుండ చేసిరి. పూజ మానుమని మేమనుట లేదు. పెట్టెకు బొట్టు పెట్టుడు. ఆయుధపూజ ఫలము పెట్టె మూతవలన తగ్గదు. తోలు తొడుగులో పెట్టి దాచుటయు ఇట్టిదే. తోలు తేమను పట్టి యుంచును, దానిని పదునుపెట్టిన ద్రవ్యములు ఉక్కును కరచును. తొడుగు వేరు, ఆయుధము వేరు ఉండవలెను. రెండును పారవేయరాదు, తొడుగు లోపలకూడ కొన్నిసార్లు పేరో సంఖ్యయో ఉండును.

వెల యెంతయని అడుగువారికి మా యొద్ద జవాబు లేదు; నికెలు పూసినచో తగ్గునని మాత్రము చెప్పగలము.

చట్టము మాట విడువరాదు. "నూరేండ్లది గదా, లైసెన్సు దేనికి?" అను మాట ప్రతి సభలోను విందుము. 1959నాటి ఆయుధముల చట్టము 45వ విభాగములో పాతపడిన నమూనాకును, పురాతన విలువగల దానికిని మినహాయింపు ఉన్నమాట నిజమే. కాని మరమ్మతు చేసినను చేయకున్నను తుపాకిగా వాడుటకు వీలుకానిదై యుండవలెనని అదే వాక్యము చెప్పుచున్నది. ఇంకను గుర్రము లేచి పడుచున్న .455 వెబ్లీకి వయస్సు ఒక్కటే రక్షణ కాజాలదు. కనుక కాగితములు లేనివారు వకీలును వెంటబెట్టుకొని జిల్లా అధికారులయొద్దకు పోవుట మేలు. భయపడి రాత్రివేళ బావిలో పడవేయుట, గొట్టములో సీసము పోయించుట, చట్రమును కోయించుట, ఇవి మూడును మనవారు చేసినవే. మూడింటివలనను చరిత్ర పోయినది. చట్టపు చిక్కు తీరినదా యన్నది సందేహము.

మన సంఘముల ప్రదర్శన కమిటీలను మేము కోరునది స్వల్పము. వార్షికోత్సవమునకు ఆయుధమునే తెప్పింపవలదు. రెండు ప్రక్కల ఛాయాచిత్రములును, గుర్తులపై కాగితము పరచి పెన్సిలుతో రుద్ది తీసిన నకలును చాలును. చీటీపై మూడు పంక్తులు వేరువేరుగా నుండవలెను. మొదటిది ఉక్కుపై ఉన్నది: "వెబ్లీ, ఆరవ మార్కు, 1917, సంఖ్యలు మూడును ఒకటే, రెండు బాణముల గుర్తు కలదు." రెండవది ఇంటివారి మాట: "తాతగారు కంటోన్మెంటులో కంట్రాక్టరు, దొర ఇచ్చెనని నాయనమ్మ చెప్పెడిది." మూడవ పంక్తికి "ఋజువు" అని పేరు వ్రాసి, దొరకువరకు ఖాళీగా విడువవలెను.